చుక్క పడని చోటు

కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లు మా ఇంటికి వస్తే మొదట అడిగేది ఇదే. "అయిదో తరగతి చదివిన మీరు ఆ మ్యాపుల పని అయిదు రోజుల్లో ఎలా పట్టేశారమ్మా?" టీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్తాను. నేర్చుకున్న సంగతి చెప్పడం తేలికే. నేర్చుకున్నాక దానితో నేనేం చేశానో చెప్పబోతేనే నోరు పెగలదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. రెండూ కలిపి చదవండి. ఒకటి చదివి రెండోది వదిలేస్తే నా దగ్గర ఏమీ నేర్చుకోనట్టే.

నా పేరు నూకాలు. పూండి స్టేషన్లో దిగి, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుంటూ తూర్పుకి వస్తే ఆటో ఇక ముందుకు పోలేక ఆగిపోయే చోట మా పేట ఉంటుంది. దాని తరువాత సముద్రమే.

ఒడ్డున అడిగే మూడు మాటలు

చేపల లెక్క రాసే పని నాది. ఇరవై రెండేళ్లు చేశాను. ఒడ్డున తాటాకు పాక కింద కూర్చుని, వేట నుంచి వచ్చిన ప్రతి పడవనీ మూడు మాటలు అడగాలి. వల ఎక్కడ వేశావు, ఏం పడింది, ఎన్ని గంపలు. విన్నది పుస్తకంలో రాసి వారానికోసారి టెక్కలి ఆఫీసుకి పంపాలి. పని అంతే గానీ, మొదటి మాటకి నిజం చెప్పే మగాడు ఈ తీరంలో పుట్టలేదు.

"ఎక్కడేసినావు బావా?"

"సముద్రంలో."

"సముద్రంలో ఎక్కడ?"

"నీటిలో ఏసినాను. ఇసకలో ఏత్తే సేపలు పడవు గదా!"

పాక చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వుతారు. మంచి చోటు పక్కవాడికి తెలిస్తే మర్నాడు అక్కడ పది పడవలుంటాయి, అందుకని దాస్తారు. నేను నోటిని అడగడం మానకుండానే వలని చూడడం నేర్చుకున్నాను. నల్లబురద అంటి ఉంటే ఏటి మొగకి ఎదురుగా వేశాడు. రాతినాచు చిక్కుకుని ఉంటే దక్షిణాన రాళ్ల దగ్గర వేశాడు. తాడు ఎంత దూరం తడిసిందో చూస్తే ఎంత లోతున వేశాడో తెలుస్తుంది. పుస్తకంలో వాడు చెప్పిందీ రాసేదాన్ని, పక్కన నేను చూసిందీ రాసేదాన్ని. కొత్తవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే. విన్నదీ చూసిందీ కలిపి ఒక్కటిగా రాయకండి.

తరువాత పడవకొక జీపీఎస్ పెట్టె వచ్చింది. వల వేసిన చోట బొత్తాం నొక్కితే రెండు అంకెలు కనబడతాయి, ఆ చోటుకి గుర్తు. ఎవరి చోటు ఏదో పేరు పెట్టి బయటికి చెప్పనని గంగమ్మ మీద ఒట్టేయించుకున్నాకే మగాళ్లు ఆ అంకెలు నాతో రాయించారు. అప్పటినుంచి నా పుస్తకాల్లో అబద్ధం తగ్గింది.

ఇక్కడ మా వదిన సంగతి చెప్పాలి. మా పెద్దన్న దానయ్య ఏడేళ్ల కిందట వేటకి వెళ్లాడు. గాలి ఎత్తి పడవ మునిగింది. కూడా ఉన్న ఇద్దరూ ఖాళీ డబ్బాలు పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చారు. అన్న రాలేదు, పడవా రాలేదు. మా పేటలో ఒక కట్టుబాటు ఉంది. పోయినవాడి ఒళ్లు గానీ, వాడి పడవ ముక్క గానీ, వల గానీ ఒడ్డు చేరేదాకా పెళ్లాం బొట్టు తీయదు, గాజులు తీయదు. చేరిన రోజున మాత్రం పొద్దు వాలక ముందే తీసేయాలి. మా వదిన కొర్లమ్మ ఏడేళ్లుగా ఎర్రగాజులతోనే తిరుగుతోంది. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కి కాశీబుగ్గ బజారులో చేపలమ్ముతుంది. అన్న గురించి ఎవరితోనూ మాట్లాడదు. మేమూ ఎత్తం.

టెక్కలిలో అయిదు రోజులు

పుస్తకాలు పోయి ట్యాబులు వచ్చాయి. తీరమంతా లెక్క రాసేవాళ్లని టెక్కలిలో ఒక హాలులో కూర్చోబెట్టారు. నేర్పడానికి వచ్చినామె సునీత మేడమ్. ఆ ఊరి పిల్లే, పట్నంలో చదువుకుని వచ్చింది. అంకెలు పోస్తే బొమ్మ గీసిపెట్టే యాప్ అది. సముద్రం నీలంగా కనబడుతుంది, వల వేసిన ప్రతి చోటా ఒక చుక్క పడుతుంది.

మొదటి రోజు ఆవిడ నలభై బొత్తాలు చూపించింది. నా పక్కన కూర్చున్న డిగ్రీ పిల్లలు అన్నీ రాసుకున్నారు. నేను లేచి నిలబడి అడిగాను.

"మేడమ్ గారూ, సోమవారం పొద్దున్న మొదటి పడవ ఒచ్చినప్పుడు నాకు ఏ మూడు బొత్తాలు కావాలో అవి సెప్పండి సాలు. మిగతావి అవసరం పడినప్పుడు అడుగుతాను."

ఆవిడ వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. "చుక్క పెట్టడం, రంగు మార్చడం, కాలం జరపడం. ఈ మూడే అమ్మా."

ఆ మూడే నేర్చుకున్నాను. అయిదు రోజులూ అవే చేశాను, వేళ్లకి కళ్లు వచ్చేదాకా. నేర్చుకోవడం తొందరగా అయిందంటే కారణం అదే, తెలివి కాదు.

రెండోది, తెలియని ఊరి లెక్కలతో మొదలుపెట్టలేదు. మిగతావాళ్లు మేడమ్ ఇచ్చిన ఏవో లెక్కలు పోసి బొమ్మలు గీశారు. బాగున్నాయో తప్పున్నాయో వాళ్లకే తెలియదు. నేను మా పేట పోశాను. ఎవరి ఇల్లు ఎక్కడో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు కాబట్టి యాప్ అబద్ధమాడితే పట్టేస్తాను. అనుకున్నట్టే మొదటి బొమ్మలో మా పేట పేటంతా మాయమైంది. వెతికి వెతికి చూస్తే భూగోళం నెత్తిమీద, మంచు సముద్రంలో తేలింది. రెండు అంకెల్నీ ముందుది వెనక, వెనకది ముందు పోశానట.

"మీ ఊరిని ఉత్తర ధ్రువానికి తీసుకుపోయారమ్మా!" అని మేడమ్ పొట్ట పట్టుకుని నవ్వింది.

"పోనీలెండి, ఎండ తగ్గుతాది," అన్నాను.

రంగుల దగ్గర తిట్లు తిన్నాను. ఎక్కువ చేపలు పడ్డ చోటుకి ఎర్ర రంగు వేశాను. ఎరుపంటే శుభం కదా మనకి. మా సూపర్‌వైజరు జోగారావు గారు వచ్చి చూసి, "ఏంటిది, సముద్రమంతా ప్రమాదమా?" అని గదమాయించారు. ఆఫీసులో ఎరుపు చెడ్డదట. బొమ్మ గీసేవాడి కన్ను వేరు, చూసేవాడి కన్ను వేరు అని అప్పుడు అర్థమైంది. గీశాక పక్కవాళ్లకి చూపించి "నీకేం కనబడుతోంది" అని అడగండి. మీరు గీసింది చెప్పకుండా అడగండి.

మేడమ్ ఆఖరి రోజున ఇంకో మాట చెప్పింది. ఈ మ్యాపు నెలనెలా తీరమంతటా వేటగాళ్ల ఫోన్లకి వెళ్తుందని. ఎవరి పేర్లూ ఉండవు, ఎక్కువ పడ్డచోట ముదురు రంగు కనబడుతుంది అంతే. విన్నాను. విని తల ఊపాను. మా పేట మగాళ్లు ఫోను చూసి వేటకెళ్లే రకం కాదు కదా అనుకున్నాను. అక్కడితో మరిచిపోయాను.

జరిగే ఖాళీ

చెయ్యి తిరగడానికి పాత పుస్తకాలు ఎక్కించమన్నారు. జీపీఎస్ అంకెలున్న నాలుగేళ్ల పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. మధ్యాహ్నం పడవలన్నీ వచ్చేశాక పాకలో కూర్చుని రోజుకి కొన్ని పేజీలు ఎక్కించేదాన్ని. నెల పైన పట్టింది.

అయిపోయిన రోజున ముందు ఆఖరి నెల బొమ్మ ఒక్కటీ తెరిచాను. మా రేవుకి ఎదురుగా సముద్రమంతా చుక్కలు. వరికుప్ప ఒలికినట్టుంది. దాని నడుమ ఒక చోట మాత్రం ఒక్క చుక్క లేదు. బొటనవేలి గోరంత ఖాళీ. చుట్టూ చుక్కలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, అది మాత్రం కడిగి ఆరబెట్టినట్టుంది.

నేనే ఏదో పేజీ వదిలేశాననుకున్నాను. పుస్తకం తీసి మళ్లీ చూశాను. వదల్లేదు. పోనీ అక్కడ రాళ్లున్నాయేమో, వల చిరుగుతుందని వేయరేమో అనుకున్నాను. రాళ్లయితే ఎప్పుడూ అక్కడే ఉండాలి కదా. అది చూద్దామని కాలం జరిపే బొత్తాం పట్టుకుని మిగతా నెలలూ ఒక్కొక్కటీ వేరుగా చూశాను.

ఖాళీ కదిలింది.

మాఘం దాటాక ఉత్తరానికి జరగడం మొదలుపెట్టింది. ఎండాకాలమంతా అలా పోయి పోయి, వానలు వెనకబట్టాక మళ్లీ దక్షిణానికి దిగింది. మరుసటి ఏడూ అంతే. తోటలో కాపలావాడు ఈ గట్టునుంచి ఆ గట్టుకి నడిచినట్టు. ఎక్కడికి జరిగితే అక్కడ చుక్కలు ఆగిపోయాయి. అది దాటిపోయిన చోట మళ్లీ చుక్కలు పడ్డాయి. వేలు వెనక్కీ ముందుకీ జరుపుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నాలుగేళ్లు తిప్పి తిప్పి చూశాక ఇంకోటి కనబడింది. ఏటికేడు అది కొంచెం ఒడ్డు వైపుకి వస్తోంది.

ఎర్రటి ఎండ. పాక బయట ఆడవాళ్లు ఎండుచేపలు తిరగేస్తున్నారు. ఇరవై రెండు పడవలు, నాలుగేళ్లు, ఒక్కడూ పొరబాటున కూడా అందులో వల వేయలేదంటే, అందరికీ అదెక్కడుందో ఏ రోజుకారోజు తెలుసన్నమాట. అందరికీ తెలిసినది, రోజూ వాళ్లని అడిగే నాకు తెలియదు.

బైరాగి మావ

మా పేటలో పెద్ద తండేలు బైరాగి మావ. తండేలంటే పడవకి పెద్ద, ఎటు పోవాలో ఎక్కడ వల వేయాలో వాడిదే మాట. వల బాగుచేసుకుంటూ కూర్చున్నవాడి ముందు ట్యాబు పెట్టి ఖాళీని జరిపి చూపించాను.

చేతిలో వలకదురు ఆగిపోయింది.

"ఎవులు సెప్నారే నీకు?"

"ఎవులూ సెప్పలేదు మావా. మీ అంకెలే సెప్నాయి."

"ఓలమ్మ! మేం నోరు మూసుకున్నా ఇది మూసుకోనేదా!"

"ఏటుంది మావా అక్కడ?"

అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"మీ అన్న పడవ. అడుగున పొర్లతంది. ఆడి వల దానికి సుట్టుకుపోనాది. నీటిపోటు ఎటుంటే అటు పోతంది. ఆడు పోయిన మర్సటేడు నా వల దానికి పట్టింది. లాగితే పైకి ఆకుపచ్చ తాడు ఒచ్చినాది. మీ వదిన పేనిన తాడు. నానెరగనా?"

"మరి?"

"మరేటి? దాన్ని ఒడ్డుకి తెత్తే ఆ పొద్దే ఆ పిల్ల గాజులు తియ్యాల. నా వల నానే కోసీసినాను. కొత్త వల, సముద్రంలో ఒగ్గీసినాను. తరవాత ఎవుడికి తగిలినా ఆడూ కోసీసినాడు. ఎక్కడ తగిలిందో ఒకడికొకడు సెప్పుకుంటాం. అటేపు పోం."

"నాకెందుకు సెప్పనేదు మావా? ఆడు నా అన్న గదా!"

"నువ్వు రాసుకుంతావు గదే. రాసిందల్లా ఆఫీసుకి పోతాది."

ఏడేళ్లు ఆ ఒడ్డున నేను అందర్నీ అడిగాను, అందరూ నాకు జవాబు చెప్పారు. అన్న ఎక్కడున్నాడో మాత్రం ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎందుకంటే నేను అది అడగలేదు.

నేను చేసిన తప్పు

ఆ నెల బొమ్మ జోగారావు గారికి వెళ్లింది. రెండో రోజే ఫోను.

"నూకాలమ్మా, మీ రేవు మ్యాపులో బొక్క ఉందేంటి? అక్కడ లెక్క రాయడం ఎగ్గొట్టావా?"

"లేదు సార్. అక్కడ ఎవరూ వల వేయరు."

"ఎందుకు వేయరు?"

చెప్పలేకపోయాను. చెప్తే రాస్తారు. "ఊరికే సార్," అన్నాను.

"ఊరికే ఎవరూ మానరు. చుట్టూ అంత చేప పడుతుంటే నడిమధ్యలో పడదా? డేటా గ్యాప్ అంటారు దీన్ని. వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే నేనే పడవ మాట్లాడుకుని వచ్చి అక్కడ వల వేయించి చూస్తాను."

ఆయన చెడ్డవాడు కాదు. తెలియని చోటు కనబడితే వెళ్లి చూడాలనుకునే అధికారి అరుదు. అది మంచి గుణమే. కానీ ఆయన వస్తే వలకి ఏం తగులుతుందో నాకు తెలుసు. వదిన చేతులు కళ్ల ముందు ఆడాయి. ఆవిడ మాట్లాడకపోయినా ఆ గాజులు మా వీధిలో రోజంతా మాట్లాడతాయి.

మర్నాడు నేను ట్యాబు తెరిచి ఆ ఖాళీలో చుక్కలు పెట్టాను. ఇరవై మూడు. ఎవరూ వేయని వలలు, ఎవరూ పట్టని చేపలు. నమ్మేలా ఉండాలని ఒకచోట కానాగంతలు, ఒకచోట కవళ్లు, రెండుచోట్ల ఖరీదైన చందువలు రాశాను. చుట్టుపక్కల ఏం పడుతుందో చూసి అటూ ఇటూగా గంపలు వేశాను. ఇరవై రెండేళ్లు అబద్ధాలు పట్టుకున్నదాన్ని, అబద్ధం ఎలా ఉంటే పట్టుబడదో నాకు తెలుసు. బొక్క పూడిపోయింది. జోగారావు గారు ఫోను చేసి, "చూశావా, సరిగ్గా రాస్తే వస్తుంది," అని మెచ్చుకున్నారు.

ఈ మెప్పు గురించి ఒక మాట. పనిముట్టు చేతికి బాగా తిరిగాక మనం దానితో నిజం ఎంత అందంగా చూపగలమో, లేనిదాన్నీ అంతే అందంగా చూపగలం. బొమ్మలో ఏది నా పుస్తకం నుంచి వచ్చిందో, ఏది నా భయం నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నాకే రెండు రోజుల తరువాత చూస్తే తేడా తెలియలేదు. దానికే నాకు భయమేసింది. అయినా అలాగే ఉంచాను.

చందువలు లేవు

పన్నెండు రోజులు గడిచాయి. పొద్దున్న పడవలన్నీ వచ్చేసి, గంపలు ఎత్తుతున్న వేళ. ఉత్తరం వైపు నుంచి ఒక కొత్త పడవ మా రేవుకి మెల్లగా వస్తోంది. మాది కాదు. ఇంజను గట్టిగా మోగుతోంది గానీ పడవ అట్టే జరగడం లేదు. వెనక ఏదో ఈడ్చుకొస్తోంది. చేపల పడవ వస్తుంటే ఎప్పుడూ మీద పక్షులు తిరుగుతాయి. దాని మీద ఒక్కటీ లేదు. గంపలెత్తుతున్న ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే దింపేసి నిలబడ్డారు.

పడవలో నలుగురు. ఇచ్ఛాపురం అవతలివాళ్లు, తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుతున్నారు. ఒకడి చెయ్యి తాడు కోసుకుని రక్తం కారుతోంది. దిగుతూనే మామీద విరుచుకుపడ్డాడు.

"మీ రేవు మ్యాపులో చందువలున్నాయని చూసి వచ్చాం. చేప లేదు, పీత లేదు. వల పట్టేసింది. లాగితే పడవ పక్కకి ఒరిగిపోయింది. నలుగురం పోయేవాళ్లం! ఎవరు పెట్టారా మ్యాపు?"

బైరాగి మావ నావైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

ఈడ్చుకొచ్చినదాన్ని అలలే ఒడ్డు మీదికి తోశాయి. పడవ ఎదరముక్క ఒకటి, దానికి చుట్టుకున్న పెద్ద వలముద్ద. పైన అంతా నత్తగుల్లలు పట్టి రాయిలా ఉంది. కెరటం తగిలి ఒక పక్క విచ్చుకుంది. లోపల ఆకుపచ్చ తాడు. ఏడేళ్లు నీటి అడుగున ఉన్నదానికి ఒక్క గుల్ల పట్టలేదు, రంగు పోలేదు. నిన్న సాయంత్రం అరుగు మీద పేనినట్టుంది. ఎవరో ఆడమనిషి "అమ్మో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడే మా వదిన గంప తీసుకుని వచ్చింది.

జనం పక్కకి తప్పుకున్నారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ పిలవలేదు. పేట పెద్దావిడలు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గాజులు తీయాల్సినవాళ్లు వాళ్లే. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.

వదిన గంప కింద పెట్టి ఆ ముద్ద ముందు గొంతుక్కూర్చుంది. ఆవిడది పుర్రచెయ్యి. ఆవిడ వేసిన ముడి మనం విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది, కోసుకోవాల్సిందే. ఆకుపచ్చ తాడుకి అలాంటి ముడి ఒకటి పైకి తేలి ఉంది. వదిన దాన్ని చూడలేదు. సముద్రం వైపే చూస్తోంది. ఎడమచేతి వేళ్లు మాత్రం వాటంతట అవే వెళ్లి ముడి పట్టుకున్నాయి. ఒకసారి నొక్కి, ఒకసారి తిప్పాయి. ముడి విడిపోయింది. నాకు కనబడింది. ముందు వరసలో ఉన్న అందరికీ కనబడింది.

వదిన లేచి నిలబడింది.

"ఇది మనది గాదు," అంది.

వంగి గంప ఎత్తుకుంది.

"నా ముడి ఇలాగుండదు. ఇదెవులిదో."

పేట పెద్దావిడ ఒకామె ముందుకొచ్చింది. "కొర్లమ్మా, సరిగ్గా సూసుకో తల్లీ."

"సూసినాను పెద్దమ్మా. నా మొగుడి వల నానెరగనా? మనది గాదు."

బైరాగి మావ గొంతు సవరించుకున్నాడు. "ఇన్నారా? మనది గాదంతంది. పేనినదానికి తెలీదా, మీకు తెలుసా? ఆ తాడూ ముక్కా ఎక్కడిదో అక్కడికే పోవాల. మన ఒడ్డున ఉంచితే ఎవులిదో ఏడుపు మనకి సుట్టుకుంటాది." తరువాత నావైపు తిరిగాడు. "అమ్మీ, ఎక్కడిదో నీ పలకలో ఉంటాది. అంకెలు సెప్పు."

ట్యాబు తెరిచాను. నేను పెట్టిన దొంగచుక్కల నడుమ, ఖాళీ ఉన్న చోటుని వేలితో వెతికి అంకెలు చదివాను. మావ పెట్టెలో నొక్కుకున్నాడు. మూడు పడవలు కట్టి, ఈడ్చుకుపోయి, మధ్యాహ్నానికల్లా దాన్ని అక్కడే వదిలేసి వచ్చారు. పైఊరివాడి చేతికి కట్టుకట్టి, చిరిగిన వలకి బదులు మా వాళ్లు వల ఇచ్చి పంపారు. వదిన ఆ పొద్దు కాశీబుగ్గ వెళ్లి చేపలన్నీ అమ్ముకుని వచ్చింది.

పని పోయిన సంగతి

నలుగురి ప్రాణాలు పోవాల్సింది. అది నా బొమ్మ చేసిన పని. ఆ సాయంత్రమే ఇరవై మూడు చుక్కలూ తీసేశాను. జోగారావు గారికి నేనే ఫోను చేసి, దొంగలెక్క రాశానని చెప్పాను. ఎందుకు రాశానో చెప్పలేదు. "ఇన్నేళ్ల మనిషివి! నీ మిగతా లెక్కలు మాత్రం ఎలా నమ్మను?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. ఆ నెలాఖరికి ట్యాబు తీసుకున్నారు. అక్కడ వల వేయించే ఆలోచన కూడా మానుకున్నారు. బోల్తా కొట్టబోయిన పడవ సంగతి ఆయన చెవిన కూడా పడింది మరి.

నా తరువాత చేరినామె వచ్చి అడిగింది, ఆ ఖాళీ ఏం చేయమంటారని. నేను ఆమెకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఖాళీ అంటే లెక్క లేకపోవడం కాదు. నాలుగేళ్లు ఇరవై రెండు పడవలు కలిసి రాసిన లెక్క అది, నా చుక్కలన్నిటికంటే నిజమైనది. దాన్ని అలాగే ఉంచి ఉంటే ఉత్తరం పడవవాళ్లు చూసి అటు వచ్చేవాళ్లే కారు. తెలియనిదాన్ని తెలియనిదిగా చూపించండి. ఆఫీసు గదమాయిస్తే తల వంచుకుని తిట్లు తినండి. పూడ్చకండి.

వదిన నాతో ఆ రోజు మాట ఎత్తలేదు. పని పోయి ఇంట్లో కూర్చున్నాక, ఒక అమావాస్య రోజున వేట లేక పేటంతా ఒడ్డున ఉన్నప్పుడు, నా పక్కన వచ్చి కూర్చుంది.

"అమ్మీ, ఇప్పుడెక్కడున్నాడు?"

ట్యాబు లేదు నా దగ్గర. లేదని చెప్పలేకపోయాను. లేచి పడవ పడవకీ తిరిగి, ఈ నెల వల ఎక్కడెక్కడ వేశారో అడిగాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఒక్కరూ పరాచికమాడలేదు. తడి ఇసక మీద ఒడ్డుగీత గీసి, ఒక్కో వలకి ఒక్కో గవ్వ పెట్టుకుంటూ వచ్చాను. పూర్తయ్యేసరికి నడుమ ఒక చోట ఇసక మిగిలింది. వదిన వంగి, ఒడ్డుగీత నుంచి ఆ చోటుదాకా జానలు వేసి కొలుచుకుంది. నాలుగు.

అప్పటినుంచి ప్రతి అమావాస్యకీ వస్తుంది. నేను గవ్వలు పెడతాను, ఆవిడ కొలుచుకుంటుంది. మొన్నటిసారి మూడు జానలు. ఇంకోసారి కొలిచి, చేతికంటిన ఇసక దులుపుకుంది.

"వత్తన్నాడు," అంది.